పటాలం నవ్వు

ఈ వాదం ఒక బావగారికీ మరదలికీ మధ్య నడిచింది. ఆయన ఫిరంగి దళంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు తాడేపల్లిగూడెం దగ్గర, మిలిటరీ మాధవరానికి కూతవేటు దూరం. ఆవిడ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఇంగ్లీషు మాట్లాడే సైన్యాల్లో సిపాయిలు తమలో తాము నవ్వుకోవడానికి పుట్టించుకున్న మాటలు చాలా ఇప్పుడు మామూలు ఇంగ్లీషులో కలిసిపోయాయి. మన హైదరాబాదు ఆఫీసుల్లోనూ వినబడుతున్నాయి. ఆ నవ్వును ఎంతవరకు నమ్మొచ్చు అన్నది వీళ్ల తగువు. విన్నది విన్నట్టు రాశాను. ఒకటి రెండు చోట్ల మాత్రం ఊరుకోలేక నా మాట కలిపాను.

మరదలు: సైన్యం మాటలంటే జనానికి ఎందుకింత మోజో నాకు అర్థం కాదు బావగారూ. ఆఫీసులో పని చెడితే 'స్నాఫూ' అంటారు. ఆ మాట అనేశాక ఎందుకు చెడిందని ఎవరూ అడగరు. నవ్వేసి కాఫీకి వెళ్లిపోతారు.

సుబేదారు: అర్థం తెలిసి నవ్వితే తప్పేముందమ్మా? ఐదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. 'పరిస్థితి మామూలే, అంతా సర్వనాశనం' అని తాత్పర్యం. నాలుగో మాట నీ ముందు అనను.

మరదలు: అనక్కర్లేదు లెండి. పుస్తకాల్లో దాని బదులు 'ఫౌల్డ్' అని వేస్తారు. క్లాసులో నేనూ అదే చెప్పేదాన్ని.

సుబేదారు: చమత్కారం ఆ బూతులో లేదు, 'మామూలే' అన్నచోట ఉంది. పై ఆఫీసుకు రోజూ రిపోర్టు వెళ్తుంది. పరిస్థితి మామూలుగా ఉందని రాస్తే అందరికీ హాయి. పైగా రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యానికి పొడి అక్షరాల పిచ్చి. ప్రతి శాఖకూ ప్రతి ఫారానికీ మూడు నాలుగు అక్షరాల పేరు. సిపాయిలు ఆ అక్షరాలతోనే జవాబు చెప్పారు: అయ్యా, ఇక్కడ చెడిపోవడమే మామూలు అని. 'ఫూబార్' అని ఇంకోటి ఉంది. గుర్తుపట్టలేనంతగా పాడైందని. స్నాఫూ అంటే రోజూ ఉండే గోల. ఫూబార్ అంటే ఇక బాగుచెయ్యలేనిది. ఆఫీసుల్లో రెండూ ఒకటే అనుకుని వాడేస్తారు.

మరదలు: ఆ జవాబును సైన్యం ఏం చేసిందో కూడా చెప్పండి. 1943లో అదే పేరుతో కార్టూన్ సిపాయిని తయారుచేయించింది, 'ప్రైవేట్ స్నాఫూ' అని. ఆలోచన సినిమా దర్శకుడు ఫ్రాంక్ కాప్రాది. చక్ జోన్స్ లాంటి కార్టూన్ దర్శకులు తీశారు, పిల్లల పుస్తకాల డాక్టర్ స్యూస్ కథలు రాశాడు, బగ్స్ బన్నీకి గొంతిచ్చిన మెల్ బ్లాంక్ దీనికీ గొంతిచ్చాడు. ఆ స్నాఫూ రహస్యాలు వాగేస్తాడు, దోమల సంగతి పట్టించుకోడు, దాని ఫలం అనుభవిస్తాడు. నీతి ఏమిటి? తప్పు సైన్యానిది కాదు, నీదేనని. పైవాళ్ల మీద వేసిన మాట ఎంతో కాలం కాకముందే తిరిగొచ్చి కిందివాడి మెడకు చుట్టుకుంది.

సుబేదారు: ఆ సినిమాలు బయట హాళ్లలో వెయ్యలేదు, సిపాయిల కోసమే తీశారు. తమ మాట తెర మీదికెక్కిందని వాళ్లకు సంబరం. ఉపన్యాసం పెడితే కునుకు తీసేవాడు స్నాఫూని చూసి దోమతెర కట్టుకున్నాడంటే నాకది నష్టంగా కనబడదు. మలేరియా పట్టుకున్నవాడు గుండు తగిలినవాడిలాగే మంచం మీద ఉంటాడు.

మరదలు: నేననేదీ అదే. నవ్వుకోనిస్తే మనిషి అడగడం మానేస్తాడు. పైవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

సుబేదారు: అడిగే వీలెక్కడుందమ్మా? ఎనిమిదింటికి పెద్దసాబు తనిఖీ అంటారు. కింది ఆఫీసరు ఏడున్నరకే రమ్మంటాడు. నేను సుబేదారును, మాట రాకూడదని ఏడింటికే రమ్మంటాను. హవల్దారు ఆరింటికే అందరినీ వరసలో నిలబెడతాడు. పెద్దసాబు తొమ్మిదింటికి వస్తాడు. ఇంగ్లీషు సైన్యాల్లో దీన్ని 'హర్రీ అప్ అండ్ వెయిట్' అంటారు. పరుగున వచ్చి పడిగాపులు పడమని. ఇందులో సిపాయి ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి? ఫిర్యాదుకు చోటు లేనిచోట మాట పుడుతుంది. 'వాలంటోల్డ్' అని ఉంది. నువ్వు ఇష్టపడి ముందుకొచ్చావని నీకు ఆర్డరు వస్తుంది. కంపెనీల్లో ఆదివారం రక్తదాన శిబిరానికి పేర్లు రాసేస్తారే, అది. 'గుడ్ ఐడియా ఫెయిరీ' అని ఒక దేవకన్య. రాత్రి పూట ఆఫీసరు చెవిలో కొత్త ఆలోచన ఊది పోతుంది, తెల్లారేసరికి సిపాయిలు దారి పక్క రాళ్లకు సున్నం కొడుతుంటారు. అమెరికా వాళ్ల ప్యాకెట్ భోజనం పేరు ఎంఆర్ఈ. భోజనం, సిద్ధం, తినడానికి. మూడు అక్షరాల్లో మూడు అబద్ధాలంటారు.

మరదలు: ఆఖరిది బాగుంది. కాదనను.

సుబేదారు: 'డూలాలీ' ఇంకా బాగుంటుంది. నేను ట్రైనింగైంది నాసిక్ రోడ్డులో. దేవ్‌లాలీ పక్కనే, ఫిరంగి దళం బడి ఇప్పటికీ అక్కడే ఉంది. 1861లో బ్రిటిష్ వాళ్లు అక్కడ మజిలీ క్యాంపు పెట్టారు. సర్వీసు ముగిసిన తెల్ల సిపాయిలు బొంబాయిలో ఓడెక్కే దాకా ఉండాల్సింది అక్కడే. ఓడలు చలికాలం నెలల్లోనే నడిచేవి. ఆఖరి ఓడ పోయాక వచ్చినవాడు ఎండాకాలం, వానాకాలం రెండూ అక్కడే గడపాలి. డ్రిల్లు లేదు, డ్యూటీ లేదు. ఎండ, దోమలు, సారా. కొందరికి జ్వరాలు, కొందరు జైలుకు, కొందరికి మతి చలించింది. దాన్ని 'డూలాలీ ట్యాప్' అన్నారు. ట్యాప్ అంటే ఏమనుకున్నావు? మన తాపమే. జ్వరం.

మరదలు: తెలుసు. ఇప్పుడు లండన్‌లో ఎవరైనా చిత్రంగా ప్రవర్తిస్తే 'గాన్ డూలాలీ' అంటారు. తాళం చెవి ఎక్కడ పెట్టిందో మరిచిపోయిన ముసలావిడను కూడా అంటారు. దేవ్‌లాలీ ఒక ఊరని అనేవాళ్లలో ఎందరికి తెలుసు? అక్కడ మతి పోయినవాడు నిజంగా ఒక తల్లి కొడుకని ఎందరికి తోస్తుంది?

సుబేదారు: తోచకపోతే అది సిపాయి తప్పా? వాడు ఆ మాటను తన గురించే అనుకున్నాడు. ఇవాళ నా పక్క మంచంవాడికి ట్యాప్ పట్టింది, రేపు నాకు పట్టొచ్చు అని. అలాంటి మాట లేకపోతే ఆ మనిషిని డాక్టరు ఏదో లాటిన్ పేరు పెట్టి తీసుకుపోయేవాడు, మిగతావాళ్లు నోరు మూసుకునేవాళ్లు. పేరు పెట్టుకున్నారు గనక మాట్లాడుకున్నారు.

ఇక్కడ నా మాట ఒకటి. మన దేశపు మాటలు ఇంగ్లీషులోకి ఎలా వెళ్లాయంటే సాధారణంగా వర్తకులనూ దొరలనూ తలుచుకుంటాం. సగానికి సగం బారకాసుల గుండా వెళ్లాయేమో అనిపిస్తుంది నాకు. 'కుషీ' అంటే సుఖమైన ఉద్యోగం. అది మన ఖుషీయే. 'డెక్కో' అంటే ఒక చూపు, హిందీ దేఖో. తెలుగు పత్రికల్లో నేర వార్తల పేజీ తెరిస్తే 'మఫ్టీలో పోలీసులు' కనబడతారు. యూనిఫారం విప్పిన ఆఫీసరు దుస్తులను బ్రిటిష్ సైన్యంలో అలా అనేవారు. అరబ్బీలో ధర్మశాస్త్ర పండితుడి పేరది. సుబేదారు గారు ఇంకోటి చెప్పారు: రాత్రి కాపలాలో సెంట్రీ 'హూ కమ్స్ దేర్' అని అరవాలి. మన సిపాయిల నోట్లో అది 'హుకుందార్' అయింది. వచ్చేవాణ్ణి హుకుం ఉందా అని నిలదీసినట్టు వినబడుతుంది, అసలుకంటే దిట్టంగా.

సుబేదారు: అన్నిటిలో నాకు ఇష్టమైంది 'బ్లైటీ'. విలాయతీ అన్న మన మాట వాళ్ల నోట్లో అలా మారింది. ఇండియాలో ఉన్న తెల్ల సిపాయికి బ్లైటీ అంటే ఇంగ్లండు, ఇల్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో దానికి ఇంకో అర్థం వచ్చింది. 'వాడికి బ్లైటీ దొరికింది' అంటే ప్రాణం పోకుండా, ఇంటికి పంపేంత గాయం తగిలిందని. కాలి పిక్కలోంచి దూసుకుపోయిన గుండు. భుజం ఎముక విరగడం. దాన్ని అదృష్టం అన్నారు.

మరదలు: నవ్వు రావడం లేదు బావగారూ.

సుబేదారు: విను. ఎదుటి కందకంలో జర్మన్ సిపాయి ఉన్నాడు. వాడూ అదే గాయానికి 'హైమాట్‌షుస్' అన్నాడు. ఇంటికి పంపే గుండు అని. తర్వాతి యుద్ధంలో అమెరికా కుర్రాడు 'మిలియన్ డాలర్ గాయం' అన్నాడు. ఒకరినొకరు చంపుకుంటున్నవాళ్లు ఒకే కోరిక కోరారు, ఇల్లు చేరితే చాలునని. ఆ కోరిక ఏ సర్కారు పోస్టరులోనూ లేదు. పోస్టరులో దేశం, గౌరవం, రాజు ఉన్నాయి. సిపాయి మనసులో ఏముందో తెలుసుకోవాలంటే ఈ వెటకారం మాటలే చదవాలి. జనరళ్ల ఆత్మకథల్లో అది దొరకదు.

మరదలు: ఇది మీ బలమైన మాట. దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ మాట సిపాయి చెయ్యి దాటాక ఏమవుతుందో అదే నా దిగులు. 'బాస్కెట్ కేస్' తీసుకోండి. 1919లో అమెరికా సైన్యపు సర్జన్ జనరల్ ఒక ప్రకటన చెయ్యాల్సి వచ్చింది, మన ఆసుపత్రుల్లో బాస్కెట్ కేసులు లేవని. కాళ్లూ చేతులూ నాలుగూ పోయి, బుట్టలో మొయ్యాల్సిన స్థితిలో ఉన్న సైనికుడికి ఆ పేరు. అలాంటివాళ్లు దండిగా ఉన్నారని పుకారు. దానికి ఖండన అది. 1971 డిసెంబరుకు వద్దాం. మన సైన్యం ఢాకా వైపు వెళ్తోంది. వాషింగ్టన్‌లో ఒక సమావేశంలో పై అధికారి ఒకరు పుట్టబోయే బంగ్లాదేశ్‌ను అంతర్జాతీయ బాస్కెట్ కేస్ అన్నాడు. పక్కనే ఉన్న అధ్యక్షుడి భద్రతా సలహాదారు కిసింజర్, మన బాస్కెట్ కేసే కానక్కర్లేదన్నాడు. ఆ మాట కిసింజర్ పేరు మీదే లోకమంతా తిరిగింది. కాళ్లూ చేతులూ లేని మనిషి పేరు పెట్టి కోట్లమంది ఉన్న దేశాన్ని తీసిపారేశారు. 'డెడ్‌లైన్' ఎక్కడిదో తెలుసు కదా?

సుబేదారు: అమెరికా అంతర్యుద్ధం. ఖైదీల క్యాంపు.

మరదలు: జార్జియాలో ఆండర్సన్‌విల్, 1864. కంచె గోడకు లోపల కొన్ని గజాల దూరంలో చిన్న కర్ర దడి. దాన్ని దాటితే, చెయ్యి వేసినా సరే, కాల్చేస్తారు. అదే డెడ్‌లైన్. ఆ క్యాంపులో సుమారు 45,000 మందిని ఉంచితే 13,000 మంది దాకా చనిపోయారు. ఎక్కువమంది రోగాలతో, ఆకలితో. అధిపతి హెన్రీ విర్జ్‌ను 1865 నవంబరులో ఉరితీశారు. ఇప్పుడు ప్రతి పిల్లాడి నోటా అదే మాట, ప్రాజెక్టు డెడ్‌లైన్, ఫీజు డెడ్‌లైన్.

సుబేదారు: అది నవ్వుకోవడానికి పుట్టింది కాదమ్మా. జైలు రూలు. దాన్ని సిపాయిల వెటకారంలో కలపకు. 'బాస్కెట్ కేస్' కూడా సిపాయి తన గురించి అనుకున్నది కాదు, వీధిలో జనం పుకారుగా అన్నది. మా మాటలు పుకార్ల గురించి కూడా ఉన్నాయి, కావాలంటే అవి చూడు. ఆస్ట్రేలియా వాళ్లు పుకారును 'ఫర్ఫీ' అంటారు. మొదటి యుద్ధంలో షెపర్టన్ ఊరి ఫర్ఫీ కంపెనీ నీళ్ల బళ్లుండేవి, వాటి చుట్టూ చేరి సిపాయిలు కబుర్లాడుకునేవాళ్లు. ఓడల్లో మంచినీళ్ల పీపా పేరు 'స్కటిల్‌బట్'. దానర్థమూ పుకారే. మన ఊళ్లో కుళాయి దగ్గర జరిగేదే అక్కడా జరిగింది. నువ్వు చెప్పిన భయంకరమైన మాటలు చాలావరకు బయటివాళ్లు చేసినవి. 'బ్లాక్‌బస్టర్' చూడు. మన సినిమా పోస్టర్లన్నిటి మీదా ఉంటుంది. రెండో యుద్ధంలో బ్రిటిష్ విమానాలు జర్మనీ మీద వేసిన 4,000 పౌండ్ల బాంబు అది, సుమారు 1,800 కిలోలు. ఒక్కటి పడితే వీధులకు వీధులు కూలుతాయని పత్రికల వాళ్లు ఆ పేరు పెట్టారు. సిపాయిలు పెట్టలేదు.

మరదలు: సిపాయిలు ఏమన్నారో చెప్పండి.

సుబేదారు: విమానాల వాళ్లా? 'కుకీ' అన్నారు.

మరదలు: బిస్కట్టు. ఇళ్ల మీద, నిద్రపోతున్న పిల్లల మీద పడేదానికి బిస్కట్టని పేరు. ఇది పత్రికల వాళ్ల పని కాదు. ఇంకోటి అడుగుతాను. వియత్నాంలో నాపామ్ అనే మంటల బాంబుతో కాలిన మనుషులను అమెరికా సిపాయిలు 'క్రిస్పీ క్రిట్టర్స్' అన్నారు. అది ఆ రోజుల్లో అమెరికా పిల్లలు పొద్దున పాలల్లో వేసుకుని తినే ఫలహారం పేరు. శత్రువుకు పెట్టిన పేర్ల సంగతి సరేసరి. ఒక జాతి మొత్తాన్ని ఒక్క ముక్క తిట్టులో కుదించారు. ఇవి జనరళ్లు రాయించినవి కావు. మీరు ఇందాకటి నుంచీ ప్రేమగా చెబుతున్న కింది సిపాయే అన్నాడు. ఇల్లు చేరితే చాలుననుకున్నవాడే అన్నాడు.

సుబేదారు గారు వెంటనే జవాబివ్వలేదు. ఆ ఆలస్యాన్ని నేను ఓటమిగా తీసుకోలేదు. చేతిలో ఉన్న మాటను విసిరేయకుండా ఆలోచించడం అనుభవం ఉన్నవాళ్లే చెయ్యగలరు. ఈ సంవాదంలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టం అదే.

సుబేదారు: అన్నాడు. కాదనను. నేను గన్ను దగ్గర పనిచేసినవాణ్ణి, ఒకటి చెబుతాను. గన్ను దగ్గర ఉన్నవాడికి షెల్ పడే చోటు కనబడదు. కొండ అవతల పడుతుంది. ముందు ఓపీలో, అంటే పరిశీలన చౌకీలో, కూర్చున్నవాడు బైనాక్యులర్‌తో చూసి, ఎడమకు ఇంత, దూరం ఇంత అని చెబుతాడు. వెటకారం మాటలు గన్ను దగ్గర జోరుగా పుట్టేవి. ఓపీ నుంచి దిగొచ్చినవాడు మాత్రం అంతగా మాట్లాడేవాడు కాదు. కళ్లతో చూసినదాని మీద నవ్వడం కష్టం. విమానంలో ఉన్నవాడు బిస్కట్టు అనగలడు. అయితే వియత్నాం కుర్రాడు దగ్గర నుంచి చూశాడు, చూసి కూడా అన్నాడు. అందుకే దాన్ని నేను సమర్థించలేను. చూసింది మింగుడుపడక, పడనిదాన్ని పిల్లల తిండి పేరు కింద దాచాడని మాత్రం అనుకుంటాను.

మరదలు: దాచడం అన్నారు. నేను మొదటి నుంచీ వాడుతున్న మాట అదే.

సుబేదారు: దాచడంలో తేడా లేదా? నా కాలు విరిగితే నేను నవ్వి దాచుకుంటే అది నా ఇష్టం. ఎదుటివాడి శవం మీద నవ్వితే వాడి వాటా కూడా నేను లాక్కున్నట్టు. ఈ రెంటినీ ఒక గంపలో వెయ్యకు. ఇక అసలు దాచేవాళ్లు వేరే ఉన్నారు. 'కొలాటరల్ డ్యామేజ్' ఎవడన్నాడు? ఏ సిపాయీ కాదు, ఇస్త్రీ మడత నలగని బ్రీఫింగు గదిలోంచి వచ్చింది. పెళ్లివారి మీద బాంబు పడితే పక్కనున్న నష్టం అంటారు. మనవాళ్లే మనవాళ్లను కాలిస్తే 'ఫ్రెండ్లీ ఫైర్'. స్నేహమట! ఇందులో బూతు ఒక్కటీ లేదు, నవ్వూ లేదు. టీవీలో టై కట్టుకుని చదవొచ్చు.

మరదలు: జార్జ్ ఆర్వెల్ 1946లోనే ఈ సంగతి రాశాడు. నేను ఏటా పాఠం చెప్పిన వ్యాసమే. దిక్కులేని పల్లెల మీద బాంబులు వేసి, జనాన్ని తరిమేసి, దానికి శాంతిస్థాపన అని పేరు పెడతారని ఆయన బాధ. ఆ విషయంలో మీతోనే ఉన్నాను. 'స్నాఫూ' అన్నవాడు చెడిందని ఒప్పుకుంటున్నాడు. 'కొలాటరల్' అన్నవాడు ఏమీ జరగలేదంటున్నాడు. ఈ రెంటిలో ఒకటి కోరుకోమంటే సిపాయి మాటనే కోరుకుంటాను.

సుబేదారు: మరి ఇందాక నవ్వేసి కాఫీకి వెళ్లిపోతారన్నావు?

మరదలు: ఇప్పుడూ అంటాను. సిపాయికి వేరే దారి లేదు, నవ్వాడు. ఏసీ గదిలో ఉన్నవాడికి దారి ఉంది. మేనేజరును అడగొచ్చు, ఉత్తరం రాయొచ్చు, ఉద్యోగం మానెయ్యొచ్చు. దారి ఉండి కూడా అరువు నవ్వుతో సరిపెట్టుకుంటే నాకు నచ్చదు. ఇరాక్ యుద్ధంలో 'ఎంబ్రేస్ ద సక్' అని వచ్చింది కదా? ఈ దరిద్రాన్నే కావలించుకో అని. ఎడారిలో చిక్కుకున్న సిపాయి అంటే అది ధైర్యం. అదే మాటను జీతం పెంచని యజమాని ఉద్యోగులకు బోధిస్తే?

సుబేదారు: యజమాని బోధిస్తే అది మా మాట కాదు. పైనుంచి రాగానే అది చచ్చిపోయినట్టే. ఏ సైన్యంలో అయినా కింది నుంచి పైకి చూసి అనే మాటకే ప్రాణం. చూడు, మొదటి యుద్ధంలో 'బేస్ వాలా' అన్నారు, మన 'వాలా'నే. వెనక డిపోలో సుఖంగా ఉండి ముందున్నవాడికి సలహాలిచ్చేవాడు. వియత్నాంలో దానికి ఇంకో పేరు, అదీ నీ ముందు అననిదే. ఇరాక్‌లో 'ఫాబిట్' అన్నారు, బేస్ దాటి అడుగుపెట్టనివాడు. నూరేళ్లలో మూడు యుద్ధాలు, మనుషులు మారారు, ఆ కోపం మారలేదు. ఎందుకు మారాలి? ఆఫీసుల్లో ఈ మాట వాడుకోండమ్మా, నేనే చెబుతున్నాను. పొలం చూడకుండా పంట నష్టం లెక్క రాసేవాడికి ఇది సరిగ్గా సరిపోతుంది.

మరదలు: దీనికి అభ్యంతరం లేదు. నేను పిల్లలకు ఈ మాటలు చెప్పొద్దని ఎప్పుడూ అనలేదు బావగారూ. ఊరూ పేరూ లేకుండా చెప్పొద్దంటున్నాను. డూలాలీ అంటే దేవ్‌లాలీ క్యాంపుతో సహా చెప్తాను. బ్లైటీ అంటే ఎదుటి కందకంలో జర్మన్ అన్న మాటతో కలిపి చెప్తాను. క్రిస్పీ క్రిట్టర్స్ కూడా చెప్తాను. నవ్వించడానికి కాదు.

సుబేదారు: అది చెప్పేటప్పుడు అన్నవాడెవడో కూడా చెప్పు. చీటీ పంపి బలవంతాన పట్టుకుపోయిన కుర్రాళ్లు వాళ్లలో చాలామంది. మీసాలు కూడా సరిగా రానివాళ్లు.

మరదలు: చెప్తాను. కాలిపోయినవాళ్లలో మీసాల వయసు కూడా రాని పిల్లలున్నారని కూడా చెప్తాను. రెండూ ఒకే క్లాసులో, ఒకే గంటలో.

సుబేదారు: చెప్పు. దానికి నేను అడ్డురాను. 'కుకీ' దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నన్ను పిలువు. ఆ విమానాలెక్కిన బాంబర్ కుర్రాళ్లలో 55,000 మందికి పైగా తిరిగి రాలేదు. ఆ మాట క్లాసులో నేను చెబుతాను.